పిల్ల పోయింది మా అత్తగారు పట్టిన పాల వల్లేనా?

సిడ్నీ ఉత్తర శివార్లలో, బుష్‌ను (చిట్టడవిని) ఆనుకుని ఉన్న వీధిలో అద్దెకుంటున్న ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. సంగతి కుదించి చెబుతాను.

సెప్టెంబరులో ఒక శనివారం పొద్దున్నే ఆవిడ, అత్తగారు వాకింగ్‌కు బయల్దేరారు. కరెంటు తీగల కింద ఫుట్‌పాత్ మీద పిల్లికంటే చిన్న జంతువు ఒకటి చచ్చి పడి ఉంది. తోక చివర తెల్లగా ఉంది. దాని వీపు మీద బొచ్చు పట్టుకుని రెండు పిల్లలు, రెండూ బతికే ఉన్నాయి. కాస్త అవతల ఎవరిదో పెంపుడు పిల్లి కూర్చుని చూస్తోంది. అత్తగారు ఒంటి మీది శాలువా తీసి పిల్లలిద్దరినీ చుట్టి ఇంటికి తెచ్చారు. ఆవిడది తెనాలి దగ్గర పల్లె. గూట్లోంచి జారిపడ్డ ఉడుత పిల్లల్ని దూది ఒత్తితో పాలు పట్టి బతికించిన మనిషి. ఇక్కడా అదే చేశారు. ఆవుపాలలో నీళ్లు కలిపి గోరువెచ్చగా కాచి, ఉగ్గుగిన్నెలో పోసి, ఒత్తితో పట్టారు. రాత్రికి అట్టపెట్టెలో పెట్టి, బట్టలుతికే గదిలో ఉంచారు. ఎనిమిదేళ్ల మనవడు వాటికి పేర్లు పెట్టేశాడు. ఇంటాయనకు మాత్రం టెన్షన్. పీఆర్ (శాశ్వత నివాసం) అప్లికేషన్ నడుస్తోంది. ఇవి చట్టం కాపాడే జంతువులని ఎవరో చెప్పారు. ఫోన్ చేస్తే ఫైన్ వేస్తారేమో, అది వీసా దాకా పోతుందేమో అని "సోమవారం చూద్దాం" అన్నారు. ఆదివారం రాత్రి ఒక పిల్ల విరేచనాలతో పోయింది. సోమవారం రెండోదాన్ని వెట్‌కు అప్పగించారు.

వెట్ దగ్గర కౌంటర్‌లో అమ్మాయి "వీటికి ఆవుపాలు పట్టకూడదు" అంది. ఇంటికొచ్చిన వెంటనే మన పాఠకురాలు అత్తగారి మీద అనేశారు: "మీరు పట్టిన పాల వల్లే పోయింది." అప్పట్నుంచి ఆవిడ ముభావంగా ఉంటున్నారు, టికెట్ ముందుకు జరపమని కొడుకును అడుగుతున్నారు. బాబు రెండోదాన్ని వెనక్కి తెమ్మని గొడవ. ఇవి చాలవన్నట్టు ఇంకో రెండు. గరాజ్‌లో పెట్టిన జిగురు అట్టకు అంతకుముందు నెలలో ఒక "చుంచెలుక" అంటుకుని చచ్చింది, అది నిజంగా ఎలుకేనా అని ఇప్పుడు అనుమానం. పైకప్పులో రాత్రిళ్లు ఏదో ధనధనా నడుస్తోంది, ఎలుకల మందు పెడదామని భర్త అంటున్నారు. చివర్లో అసలు కోరిక: "నేను ట్రైనింగ్ తీసుకుని ఇలాంటి పిల్లల్ని పెంచవచ్చా?"

సమాధానం:

అమ్మా, ముందు బతికున్న పిల్ల సంగతి చెబుతాను. తోక చివర తెలుపు, వీపు మీద కవలలు అన్నారు కాబట్టి అది రింగ్‌టెయిల్ పోసమ్, చెట్ల మీద బతికే సంచి జంతువు. పెద్దది కిలో లోపో, కాస్త అటూ ఇటూనో తూగుతుంది. సాధారణంగా ఈతకు రెండు పిల్లలు. తల్లి పొట్ట మీది సంచిలో నాలుగు నెలలు గడిపాక బయటికొచ్చి తల్లి వీపెక్కుతాయి. అంటే మీ చేతికి వచ్చినవి సంచి దశ దాటినవి, ఒంటి నిండా బొచ్చున్నవి. ఇది మంచి విషయమే, ఈ వయసు పిల్లలకు బతికే అవకాశం ఎక్కువ. వెట్ చూశాక లైసెన్సున్న సంస్థ ద్వారా కేరర్ (ఇలాంటి పిల్లల్ని సాకే శిక్షణ పొందిన మనిషి) ఇంటికి వెళుతుంది. అక్కడ దాన్ని ఒంటరిగా పెంచరు. అదే సైజువి ఇంకొన్ని అనాథ పిల్లలుంటాయి, వాటితో కలుపుతారు. పాలు మాన్పించి, రోజూ కోసి తెచ్చిన యూకలిప్టస్ ఆకు అలవాటు చేసి, తరవాత పెద్ద పంజరంలో పెట్టి, చివరికి వదులుతారు. బాగుపడే ఆశ లేకపోతే వెట్ నొప్పి తెలియకుండా పంపేస్తారు. ఆ మాట దాచను.

ఇక మీరు అడగడానికి భయపడుతూనే అడిగిన ప్రశ్న. పాలేనా కారణం?

ఆవుపాలు మంచివి కావు, అందులో రెండో మాట లేదు. కంగారూ, పోసమ్ జాతి పిల్లలకు ఆవుపాలలోని లాక్టోజ్ అరగదు. విరేచనాలు పట్టుకుని ఒంట్లో నీరంతా పోతుంది, కొన్నిటికి కంట్లో శుక్లాలు కూడా వస్తాయి. అందుకే కేరర్లు వోంబరూ, బయోలాక్ లాంటి ప్రత్యేకమైన పొడులు వాడతారు. వీటి తల్లుల పాలు పిల్ల పెరిగేకొద్దీ మారిపోతుంటాయి కాబట్టి, ఆ పొడుల్లోనూ వయసును బట్టి రకాలుంటాయి. దూది ఒత్తితో ఇంకో ఇబ్బంది, పిల్ల మింగేదానికంటే ఎక్కువ కారితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

కానీ మీ ఉత్తరంలోనే ఇంకో సాక్ష్యం ఉంది. అదే పాలు, అదే పెట్టె, అదే గది. రెండోది బతికింది. పాలొక్కటే కారణమైతే రెండూ పోవడానికే అవకాశం ఎక్కువ. తల్లి తీగల మీద షాక్ కొట్టి పడిందనుకోండి, అంత ఎత్తు నుంచి పడ్డప్పుడు కింద ఉన్న పిల్లకు లోపల దెబ్బ తగిలి ఉండొచ్చు. చలి ఇంకొకటి. సెప్టెంబరు రాత్రి, హీటర్ లేని గది, అట్టపెట్టె. బొచ్చున్న పిల్లకైనా చుట్టూ 28 డిగ్రీల దాకా వెచ్చదనం కావాలి, బొచ్చు రానిదానికి 32 పైన. ఒళ్లు చల్లబడ్డ పిల్లకు ఏ పాలు పట్టినా అరగవు. నన్నడిగితే మాత్రం నా అనుమానం ఆ పిల్లి మీద. పిల్లి నోట్లో ఉండే బాక్టీరియా చిన్న జంతువు రక్తంలో కలిస్తే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం తీస్తుంది. సూదిమొనంత గాటు చాలు, అది బొచ్చు కింద మీకు కనపడదు. శనివారం పొద్దున పిల్లి, ఆదివారం రాత్రి చావు. లెక్క సరిపోతోంది. పిల్లి తాకిందన్న అనుమానం ఉన్న ఏ జంతువునైనా, ఒంటి మీద గాయం లేకపోయినా, అదే రోజు వెట్ చూసి యాంటీబయాటిక్ ఇవ్వాల్సిందే. అది పడకపోతే మీరు వోంబరూ పట్టినా లాభం లేదు.

ఇప్పుడు కాస్త కటువుగా మాట్లాడతాను. శనివారం పొద్దున్నుంచి సోమవారం దాకా ముగ్గురు పెద్దవాళ్లు ఒక కప్పు కింద ఉన్నారు. వాళ్లలో ఆ దేశపు నంబర్లు తెలిసినవాళ్లు, ఇంగ్లిష్‌లో ఫోన్ చేయగలిగినవాళ్లు ఇద్దరు. మీ అత్తగారు ఆ ఇద్దరిలో లేరు. ఫుట్‌పాత్ మీద ఆగింది ఆవిడ, శాలువా తీసింది ఆవిడ, తనకు తెలిసిన పద్ధతిలో రాత్రంతా లేచి చూసింది ఆవిడ. ఆగిపోయిన రెండు రోజులు మీవీ, మీవారివీ. ఉడుత పిల్లలకైనా ఆవుపాలు మంచివి కావు, కొన్ని తట్టుకుని బతుకుతాయంతే. అది ఆవిడకు ఎవరూ చెప్పలేదు, మీకూ ఆ రోజు దాకా తెలియదు.

ఆవిడతో ఏం చేయాలి? ఒకటి, కాలం మీద వదిలేయడం. మన ఇళ్లల్లో ఎక్కువమంది చేసేది ఇదే. మాటలు మళ్లీ మొదలవుతాయి, కానీ ఆవిడ తెనాలి వెళ్లాక అక్కడ పదిమందికీ "నా చేత్తో ఒక ప్రాణం పోయింది" అనే చెప్పుకుంటారు. రెండు, మీవారిని మధ్యవర్తిగా పంపడం. ఆయన "ఏదో నోరు జారింది లేమ్మా" అంటారు, తన సోమవారం సంగతి దాటేస్తారు. మూడు, మీరే వెళ్లి "సారీ అత్తయ్యా" అనడం. ఆవిడ "పర్లేదమ్మా" అంటారు. టికెట్ మాత్రం మారుతుంది. ఇవన్నీ కాక, పైన నేను చెప్పిన పిల్లి సంగతి, చలి సంగతి ఆవిడ దగ్గర కూర్చుని వివరంగా చెప్పండి, మీవారు, బాబు కూడా అక్కడ ఉండగా. "ఫోన్ చేయకుండా ఆగింది మేమిద్దరం" అన్న మాట ఆ గదిలో మీ నోటి నుంచి రావాలి. మీవారికి అది నచ్చకపోవచ్చు, ఆ రోజు రాత్రి మీ ఇద్దరి మధ్య మాటామాటా పెరగొచ్చు కూడా. అది మీరిద్దరూ పంచుకోవాల్సిన బరువు, డెబ్బై ఏళ్ల మనిషి నెత్తిన పెట్టేది కాదు.

వీసా భయం గురించి. న్యూ సౌత్ వేల్స్‌లో బయోడైవర్సిటీ కన్సర్వేషన్ చట్టం, 2016 కింద పోసమ్‌తో సహా ఈ దేశపు జంతువుల్లో చాలావాటికి రక్షణ ఉంది. వాటికి హాని చేయడం, లైసెన్సు లేకుండా ఇంట్లో పెంచుకోవడం నేరం. దెబ్బతిన్నదాన్ని ఎత్తి వెట్‌కో సంస్థకో చేర్చడం నేరం కాదు, అందరూ చేయమని చెప్పే పని అది. వెట్ ముఖ్యంగా అడిగేది రెండే, ఎక్కడ దొరికింది, ఎప్పుడు దొరికింది. ఎందుకంటే బాగుపడ్డాక ఆ చుట్టుపక్కలే వదలాలి. వన్యప్రాణులను తెచ్చినవాళ్ల దగ్గర వెట్‌లు సాధారణంగా డబ్బు కూడా తీసుకోరు. మీవారికి ఇంకా నమ్మకం కుదరకపోతే మీ మైగ్రేషన్ ఏజెంట్‌ను ఒక మాట అడగమనండి, మనసు కుదుటపడుతుంది. ఒకటి మాత్రం గమనించమనండి. చట్టం వైపు నుంచి చూస్తే ఆ వారాంతంలో మీరు చేసిన పనుల్లో రిస్కున్నది ఇంట్లో ఉంచుకోవడమే, ఫోన్ చేయడం కాదు.

ఆ ఫోన్ నంబర్లు ఇక్కడే ఇస్తున్నాను. సిడ్నీతో సహా మీ రాష్ట్రమంతటికీ వన్యప్రాణుల్ని కాపాడే సంస్థ వైర్స్ 1300 094 737. మెల్‌బోర్న్ వైపు పాఠకులకు వైల్డ్‌లైఫ్ విక్టోరియా 03 8400 7300. బ్రిస్బేన్‌లో ఆర్‌ఎస్‌పీసీఏ 1300 264 625.

బాబు విషయానికొస్తే, పిల్లను వెనక్కి తేవడం కుదరదు. అది చట్టం మాట మాత్రమే కాదు. మనిషి ఒడిలో ఒంటరిగా పెరిగిన రింగ్‌టెయిల్‌కు పిల్లిని చూస్తే పారిపోవాలని తెలియదు, తన జాతితో మెలగడం తెలియదు. అడవిలో వదిలితే నాలుగు రోజులు బతకదు. ఇది ఎనిమిదేళ్లవాడికి అర్థమవుతుంది, మనం అనుకున్నదానికంటే బాగానే అర్థమవుతుంది. "దాని సంగతి కనుక్కోనా వద్దా" అన్నదే అసలు చిక్కు. అప్పగించిన క్లినిక్‌కు ఫోన్ చేస్తే ఏ సంస్థకు ఇచ్చారో చెబుతారు. అక్కడి నుంచి కబురు రావచ్చు, రాకపోవచ్చు, కేరర్లందరూ స్వచ్ఛందంగా చేసేవాళ్లే, తీరిక ఉండదు. వస్తే అది చెడ్డ కబురే కావచ్చు. వాడికి చెప్పకుండా ముందు మీరొక్కరే కనుక్కుంటే వాడికి ఎలా చెప్పాలో ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది, కానీ చెడ్డ కబురైతే దాచాలనిపిస్తుంది. వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని ఫోన్ చేస్తే ఏడుపైనా నవ్వైనా ఇద్దరూ కలిసే. ఒక పిల్ల పోవడం వాడు కళ్లారా చూశాడు కాబట్టి నేను రెండోవైపే మొగ్గుతాను, మీ పిల్లవాడి సంగతి మీకే బాగా తెలుసు. "అడవికి వెళ్లిపోయిందట" అని కథ అల్లడం మాత్రం వద్దు.

వాడికి ఇంకో పని ఇవ్వొచ్చు. చీకటి పడ్డాక టార్చికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం కట్టి మీ వీధి చెట్లు చూపించండి. పుల్లలు, బెరడు పీచు కలిపి అల్లిన ఫుట్‌బాల్ అంత గుండ్రటి గూడు కొమ్మల మధ్య కనిపిస్తే అది రింగ్‌టెయిల్‌ది. ఆ వీధిలో అదొక్క కుటుంబమే ఉండదు.

గరాజ్‌లో చచ్చినది. మీరు పంపిన ఫోటో మసకగా ఉంది, అయినా నాకు అది ఎలుకలా అనిపించలేదు. మన చుంచెలుకలా మూతి సన్నగా సాగి ఉండి, చెవులు పలచగా, అంచు నొక్కుకుపోయినట్టు ఉండి, నోరు తెరిస్తే ఎలుకకు ఉండే రెండు ఉలి పళ్లకు బదులు సన్నటి వాడి పళ్ల వరుస కనిపిస్తే అది యాంటెకైనస్. కంగారూలాగే సంచి జంతువుల వర్గమే, బొద్దింకల్ని, సాలీళ్లను తిని బతుకుతుంది. బుష్ పక్కన ఉండే ఇళ్లలోకి చలికాలం చివర బాగా వస్తుంది. వీటిలో మగవాటిది విచిత్రమైన జీవితం. ఏడాది నిండకుండానే, జత కట్టే రెండు మూడు వారాలు తిండీ నిద్రా లేకుండా తిరిగి, ఆ సీజన్ అయ్యేసరికి అన్నీ చచ్చిపోతాయి. కాబట్టి ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పెరట్లో "ఎలుక" చచ్చి పడి ఉంటే మందు తిందనుకోనక్కర్లేదు. జిగురు అట్టలు మాత్రం తీసేయండి. అది ఎలుకను, యాంటెకైనస్‌ను, బల్లిని ఒక్కలాగే పట్టుకుంటుంది, ఒక్కలాగే హింసించి చంపుతుంది. ఎలుకలు నిజంగానే ఉంటే ప్రాణంతో పట్టే బోను పెట్టి, పొద్దున్నే మూతి, పళ్లు చూసి నిర్ణయించుకోండి. ఎప్పుడైనా ఏదైనా అట్టకు అంటుకుని బతికే ఉంటే చేత్తో పీకకండి, తోలు ఊడొస్తుంది. ఖాళీ జిగురు మీద కాగితం కప్పి, అట్టతో సహా వెట్‌కు.

పైకప్పులో నడిచేది, ధనధనా అన్నారు కాబట్టి, రింగ్‌టెయిల్ కాదు, దాని పెద్దన్న బ్రష్‌టెయిల్. పెద్ద చెవులు, గుబురు తోక, నాలుగు కిలోల దాకా బరువు. ఎలుకల మందు ఆలోచన ఈ పూటే మానేయండి. పోసమ్‌ను చంపడం నేరం. దానికి తోడు ఆ మందు తిన్న జంతువును తిన్న గుడ్లగూబ కూడా పోతుంది, మీ కప్పులో కుళ్లిన వాసన అదనం. లైసెన్సున్న మనిషిని పిలిచి పట్టించవచ్చు, కానీ పట్టిన చోటి నుంచి 150 మీటర్లలోపే వదలాలని మీ రాష్ట్రంలో నియమం, అంటే అది ఆ రాత్రికే మీ కప్పు ఎక్కొచ్చు. దూరంగా వదిలితే కొత్త చోట వేరే పోసమ్‌లు దాన్ని బతకనివ్వవు, ఖాళీ అయిన మీ కప్పులోకి ఇంకోటి వస్తుంది. పనికొచ్చే దారి కన్నం మూయించడమే. చెట్టుకు ఒక పోసమ్ పెట్టె కట్టి, చీకటి పడ్డాక అది మేతకు బయటికెళ్లిందని, లోపల పిల్ల మిగల్లేదని చూసుకుని, అప్పుడు మూయాలి. అద్దె ఇల్లు కాబట్టి ఏజెంట్‌కు మెయిల్ పెట్టండి, కప్పు రిపేరు ఓనర్ చూసుకోవాల్సింది. ఈలోపు ఆ చప్పుడుకు అత్తగారి నిద్ర చెడుతుంటే మంచం ఇంకో గదిలోకి మార్చండి, అంతే.

మళ్లీ ఇలాంటిది ఎదురైతే. వసంతకాలమంతా ఎదురయ్యే అవకాశం ఉంది కాబట్టి చెబుతున్నాను. ముందు మీ కాళ్లు రోడ్డు మీద ఎక్కడున్నాయో చూసుకోండి. తరవాత తువ్వాలు వేసి ఎత్తండి, పోసమ్ గోళ్లు లోతుగా దిగుతాయి. తల్లి చనిపోయి ఉంటే పొట్ట మీది సంచిలో వేలు పెట్టి చూడండి. లోపల బొచ్చు లేని గులాబీ రంగు పిల్ల చన్ను పట్టుకుని ఉంటే లాగకండి. ఆ వయసులో చన్ను నోట్లో ఉబ్బి పట్టేసి ఉంటుంది, లాగితే దాని నోరు చిరుగుతుంది. తల్లితో సహా తువ్వాల్లో చుట్టి తీసుకెళ్లండి. విడిగా ఉన్న పిల్ల అయితే మెత్తటి నూలు గుడ్డలో, గాలి ఆడే పెట్టెలో, చీకట్లో పెట్టండి. వేడినీళ్ల సీసాను తువ్వాల్లో చుట్టి పెట్టెలో ఒక పక్కకు ఉంచండి. ముందు మీ మణికట్టు లోపలివైపు ఆనించుకుని చూడండి, చురుక్కుమంటే దానికీ కాలుతుంది. పాలు వద్దు, నీళ్లు వద్దు, పండు వద్దు. టీవీ ఆపండి, చూడ్డానికి పక్కింటివాళ్లను పిలవకండి, మాటిమాటికీ మూత తీయకండి. ఆ తరవాత ఫోన్. వీపు మీంచి జారిన పిల్ల కోసం పోసమ్ తల్లి సాధారణంగా వెనక్కి రాదు, కాబట్టి "వస్తుందేమో చూద్దాం" అని ఆగక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: గబ్బిలం అయితే చేత్తో అసలు ముట్టుకోకండి, వాటిలో రేబిస్ లాంటి లిస్సా వైరస్ ఉండొచ్చు. దూరం నుంచే ఫోన్ చేయండి, టీకాలు వేయించుకున్నవాళ్లు వస్తారు.

ఇక మీ కోరిక. తప్పకుండా నేర్చుకోవచ్చు, వీసా మీద ఉన్నవాళ్లూ చేస్తున్నారు. సంస్థలో సభ్యులై, ప్రాథమిక శిక్షణ పూర్తి చేసి, పోసమ్‌ల కోసం విడిగా ఇంకో శిక్షణ తీసుకోవాలి. ఆ సంస్థ లైసెన్సు కిందే మీరు పని చేస్తారు. కానీ పిల్లల్ని పెంచడమంటే మీ ఉత్తరంలో కనిపించిన ఊహ కాదు. చిన్నవాటికి రాత్రిళ్లు కూడా కొన్ని గంటలకోసారి పాలు. రింగ్‌టెయిల్‌కు రోజూ తాజా ఆకు: యూకలిప్టస్, లిల్లీపిల్లీ, బాటిల్‌బ్రష్. వానొచ్చినా, మీకు జ్వరమొచ్చినా కొమ్మలు కోసుకు రావాలి. పొడి ఖర్చు, పెట్రోలు చాలావరకు మీవే. పెద్ద పంజరానికి ఓనర్ ఒప్పుకోవాలి. మీరు చెప్పిన ఆఫీసు వేళలు చూస్తే, ఈ పని చివరికి పగలంతా ఇంట్లో ఉండే అత్తగారి మీదే పడుతుంది, శిక్షణ లేని మనిషి మీద. ఇండియా ప్రయాణం పెట్టుకుంటే పిల్లల్ని ఎవరికి అప్పగించాలన్న గొడవ ఉండనే ఉంటుంది. ఇవన్నీ కుదుర్చుకుని చేసేవాళ్లు ఉన్నారు. కానీ మీవారు "సరే" అనకుండా మొదలుపెడితే, ప్రతి రాత్రి ఫీడింగ్ ఒక తగాదా అవుతుంది.

దీనికంటే తేలికైన మెట్లున్నాయి. ఫోన్ రాగానే వెళ్లి ఎత్తి వెట్‌కో కేరర్‌కో చేర్చే రెస్క్యూ పని వారాంతాల్లో చేయొచ్చు. కారు డిక్కీలో ఒక పెట్టె, రెండు పాత తువ్వాళ్లు, గ్లవుజులు చాలు. రాత్రి మేలుకోవడం ఉండదు. కానీ దాని బాధ దానికుంది. ఎత్తిన ప్రతిదాన్నీ ఎవరికో ఇచ్చేసి రావాలి, చాలాసార్లు తరవాతి కబురు తెలియదు. బాబు పెట్టే పేరే ఉంటుంది మీ దగ్గర, ఇంకేమీ ఉండదు. అది మీకు పడుతుందో లేదో ఒక సీజన్ చేస్తే తెలుస్తుంది. నేనైతే పెంచడం సంగతి పీఆర్ వచ్చి, ఇల్లు కుదిరాక చూడమంటాను, తొందరగా మొదలుపెట్టి నడిమధ్యలో వదిలేసినవాళ్లను చూశాను కాబట్టి.

ఇంకో పని ఉంది, శిక్షణ అక్కర్లేనిది. పిల్లల్ని ఉంచే గుడ్డ సంచులు. బాబు యూనిఫాం కుట్లన్నీ అత్తగారే వేస్తారని రాశారు కదా, ఆవిడకిది చేతి కింద పని. ముందు దగ్గర్లోని సంస్థను అవసరం ఉందేమో అడగండి. 2019-20 కార్చిచ్చులప్పుడు ప్రపంచం నలుమూలల నుంచీ కుట్టి పంపితే, ఇక చాలు ఆపమని చెప్పాల్సి వచ్చింది. కావాలంటే కొలతలు వాళ్లే ఇస్తారు. నూలు బట్టే వాడాలి, పాత దుప్పట్లు, నేత చీరలు బాగుంటాయి. తువ్వాలు గుడ్డ వద్దు, ఆ పోగుల్లో గోళ్లు చిక్కుకుంటాయి. కుట్టు అంచులు సంచి బయటివైపు ఉండాలి, లోపల ఒక్క దారం కూడా వేలాడకూడదు, పిల్ల కాలికి చుట్టుకుంటుంది. ఒక్కో పెద్ద సంచికి లోపలి సంచులు రెండు మూడు ఉండాలి, తడిసినప్పుడల్లా మార్చడానికి.